మూడోసారికి పాసైన సుబ్బారావుగారు

ఈసారి గోడపత్రికకి ఒక ప్రముఖుడి జీవితం రాయమని మేడమ్ చెప్పగానే నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరే తట్టింది. ఆయన గురించి మనలో చాలామందికి తెలిసేది నాలుగు ముక్కలు. భీమవరంలో పుట్టారు, అమెరికా వెళ్ళారు, గొప్ప మందులు తయారుచేశారు, నోబెల్ మాత్రం రాలేదు. ఆ నాలుగు ముక్కలూ ఏ జనరల్ నాలెడ్జ్ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నేను ఇక్కడ రాయాలనుకున్నది వేరే. ఆయన చదువు ఎన్నిసార్లు ఆగింది, మళ్ళీ ఎలా మొదలైంది, ఆగినప్పుడు ఆయన ఏం చేశారు, ఆ ఆగినన్నాళ్ళూ ఖర్చు ఎవరు భరించారు అన్నది.

మనం ఆర్ట్స్ వాళ్ళం. మనకి మెడికల్ సీటుతో పని లేదు. కానీ మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఆ పరీక్షలు రాస్తూనే ఉంటారు. మా పెద్దమ్మ కూతురు బీడీఎస్ చదివింది. ఎండీఎస్ ఎంట్రన్స్ మొదటిసారి రాస్తే అనుకున్న ర్యాంకు రాలేదు. రెండోసారి రాస్తానంటోంది. ఇంటికి వచ్చిన చుట్టాలందరూ అడిగే ప్రశ్న ఒకటే, ఇంకా ఎన్నాళ్ళు అని. తెలుగు చుట్టాలు తెలుగులో అడుగుతారు, నాన్నవైపు వాళ్ళు తమిళంలో అడుగుతారు, అంతే తేడా. సుబ్బారావుగారి జీవితం చదువుతుంటే ఆ ప్రశ్న నాకు పేజీ పేజీకీ గుర్తొచ్చింది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆరోగ్యం పాడై ఆ ఉద్యోగం ముందే మానుకోవాల్సి వచ్చింది. తల్లి వెంకమ్మగారు. ఇంటినిండా పిల్లలు, చేతిలో డబ్బు తక్కువ. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇంట్లోంచి పారిపోయాడు. కాశీకి వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి బోలెడు డబ్బు గడించాలని ఆ పిల్లాడి ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. ఇది చదివి నేను నవ్వుకున్నాను గానీ, తర్వాత ఆలోచిస్తే నవ్వు పోయింది. పదమూడేళ్ళవాడు డబ్బు కోసం కాశీ దాకా వెళ్ళాలనుకున్నాడంటే ఆ ఇంట్లో డబ్బు మాట ఎంతగా వినిపించి ఉండాలి!

తర్వాత రాజమండ్రిలో చదువు. ఆ రోజుల్లోనే ఇంట్లో దగ్గరివాళ్ళు జబ్బులతో పోవడం, మనసు నిలవకపోవడం. మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్ళీ రాశారు, మళ్ళీ తప్పారు. మన మాటలో చెప్పాలంటే అరియర్ మీద అరియర్. వెంకమ్మగారు ఒంటిమీది బంగారం అమ్మి కొడుకుని చదివించారని చెప్తారు. చివరికి ఆయన మద్రాసు వచ్చి, తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూల్లో చేరి, మూడోసారికి మెట్రిక్ పాసయ్యారు.

తిరువల్లిక్కేణి అంటే మనకి కొత్త కాదు కదా. బిగ్ స్ట్రీట్‌లో ఆ ఎర్రటి స్కూలు ముందునుంచి మనలో ఎందరో వెళ్ళే ఉంటారు. తర్వాత ఇంటర్మీడియట్ చదివిన ప్రెసిడెన్సీ కాలేజీ మెరీనా ఎదురుగానే ఉంది. ఆ తర్వాత చేరిన మద్రాస్ మెడికల్ కాలేజీ సెంట్రల్ స్టేషన్ పక్కనే. పార్క్ స్టేషన్‌లో దిగేవాళ్ళందరూ రోజూ దాన్ని చూస్తారు. ఒక మనిషి చదువు అంతా మన బస్సు రూట్లోనే జరిగిందని తెలిశాక ఆయన నాకు కొంచెం దగ్గరివాడిలా అనిపించారు.

అయితే ప్రెసిడెన్సీ నుంచి మెడికల్ కాలేజీకి ఆయన నేరుగా వెళ్ళలేదు. ఆ రోజుల్లో ఆయన మనసంతా రామకృష్ణ మఠం మీద ఉంది. సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. దానికి తల్లి ఒప్పుకోవాలి. వెంకమ్మగారు ఒప్పుకోలేదు. సన్యాసం కుదరకపోతే సేవైనా చేయొచ్చు, వైద్యం చదివితే మఠం నడిపే ఆసుపత్రుల్లో పనికొస్తుంది అన్న ఆలోచనతో మెడిసిన్ వైపు తిరిగారు. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆయనకి మెడిసిన్ చిన్నప్పటి కల కాదు. మన దగ్గర ఇంటర్వ్యూల్లో అందరూ చిన్నప్పటి నుంచి డాక్టర్ కావాలనుకున్నామనే చెప్తారు. ఆయన ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు దగ్గరకి వచ్చినవారు. అలా వచ్చినవారే చివరికి ఆ రంగంలో అంత దూరం వెళ్ళారు.

మెడికల్ కాలేజీ ఫీజులకి స్నేహితులు సాయం చేశారు. తర్వాత పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చూసుకున్నారు. 1919 మే నెలలో ఆయన కూతురు శేషగిరితో సుబ్బారావుగారి పెళ్ళి జరిగింది. శేషగిరిగారి పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తాను.

అప్పుడు దేశమంతా గాంధీగారి మాట మీద విదేశీ బట్టలు మానేస్తున్న కాలం. సుబ్బారావుగారు సర్జరీకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుగారి చేతికి పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ రెండు కాగితాలకీ తేడా ఏమిటో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు తెలుస్తుంది. మద్రాస్ మెడికల్ సర్వీస్‌లో చేరాలని ఆయన ప్రయత్నించారు. దొరకలేదు.

మెట్రిక్ మూడుసార్లు రాసిన రోజుల్లో తప్పడానికి కారణం పేపర్లలోనే ఉంది. ఈసారి కారణం పేపర్లలో లేదు, వేసుకున్న బట్టలో ఉంది. కానీ చుట్టూ ఉన్నవాళ్ళకి రెండూ ఒకేలా కనపడతాయి. ఇంకా కుదరలేదట అంటారు, అంతే. మా పెద్దమ్మ కూతురి విషయంలోనూ నేను చూసేది ఇదే. ర్యాంకు చాలకపోవడం ఒకటి, ర్యాంకు వచ్చినా ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టలేకపోవడం ఇంకొకటి, ఇంట్లో ఒంట్లో బాగోక ఒక ఏడాది వదులుకోవడం మరొకటి. బయటివాళ్ళు అన్నిటికీ కలిపి పెట్టే పేరు ఒక్కటే, గ్యాప్.

ఇప్పుడు ఆ గ్యాప్‌లో సుబ్బారావుగారు ఏం చేశారో చెప్తాను. నా లెక్కలో ఇదే ఆయన కథలో అసలు భాగం.

మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారని ఒక పెద్ద వైద్యుడు ఉండేవారు. ఇంగ్లీషు వైద్యమూ చదివారు, ఆయుర్వేదమూ నడిపారు. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతిగారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళారు, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో మంత్రి అయ్యారు. ఎగ్మూరులో రుక్మిణీ లక్ష్మీపతి శాలై అని మనం బోర్డు చూస్తాం కదా, ఆవిడ పేరే. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలో సుబ్బారావుగారు అనాటమీ చెప్పే ఉద్యోగంలో చేరారు. పెద్ద ఆసుపత్రిలో డాక్టరు కావాల్సినవారికి అది చిన్న ఉద్యోగమే. కానీ ఆయన దాన్ని పొద్దుపుచ్చే పనిగా చూడలేదు. ఆయుర్వేద మందులు ఎలా పనిచేస్తున్నాయి, వాటిలో ఉన్న సరుకు ఏమిటి అన్న ప్రశ్న ఆయనకి అక్కడే పట్టుకుంది.

ఆ ప్రశ్న వెనక ఇంకో సంగతి ఉంది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో వారం పదిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా విరేచనాలై, రక్తం తగ్గి, మనిషి ఎండిపోయే జబ్బు అది. సుబ్బారావుగారికీ అదే జబ్బు వచ్చింది. ఆయన్ని బతికించింది లక్ష్మీపతిగారి ఆయుర్వేద మందు. ఇంగ్లీషు వైద్యం చదువుకుని, తన ఇంట్లో ఇద్దర్ని పోగొట్టుకుని, తనే చావు దగ్గరకి వెళ్ళి, వేరే పద్ధతి మందుతో లేచి కూర్చున్న మనిషి. అలాంటివాడికి ఈ మందు ఎందుకు పనిచేసింది అన్న ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది!

మద్రాస్ మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగం మొదటిసారే దొరికి ఉంటే ఆయన ఏదో జిల్లా ఆసుపత్రిలో మంచి డాక్టరుగా ఉండేవారేమో. ఆ దారి మూసుకుపోబట్టి పరిశోధన వైపు వెళ్ళారు. దీన్నిబట్టి సీటు రాకపోవడమే మంచిది అని నేను చెప్పట్లేదు. అది ఓదార్పు కోసం చెప్పే మాట, వినేవాళ్ళకి కోపం వస్తుంది. నేను చెప్పేది ఇంతే. ఆగిన ఏళ్ళు ఖాళీగా లేవు. తర్వాత ఆయన వెతికిన ప్రశ్నలు ఆ ఏళ్ళలోనే పుట్టాయి.

ఆ రోజుల్లో రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మద్రాసు వచ్చిన ఒక అమెరికన్ డాక్టరు పరిచయమయ్యారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల గురించి చెప్పే స్కూలు ఉంది, అక్కడికి వెళ్ళాలన్న కోరిక గట్టిపడింది. కోరిక ఉన్నంత మాత్రాన ఓడ టికెట్ రాదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మిగతాది మళ్ళీ మామగారే సర్దారు. అలా బోస్టన్ చేరేసరికి ఆయనకి ముప్పై దగ్గరికొస్తోంది.

అక్కడా తలుపులు వెంటనే తెరుచుకోలేదు. చేతిలో ఉన్న డబ్బు ఎంతోకాలం రాదు. పీటర్ బెంట్ బ్రిగమ్ హాస్పిటల్లో రాత్రి డ్యూటీ పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడగడం ఆ పనిలో భాగం. మద్రాసులో అనాటమీ పాఠం చెప్పిన డాక్టరు, రాత్రి ఆ పని చేసి పగలు క్లాసులో కూర్చున్నారు. 1924లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా తీసుకున్నారు.

తర్వాత హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర చేరారు. అక్కడ జరిగింది సైన్సు వాళ్ళు బాగా చెప్పగలరు, నేను నాకు అర్థమైనంత చెప్తాను. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు చూసి కొలిచే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని దాన్ని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పాఠాల్లో చెప్తారు. ఆ కొలత చేతిలో ఉండబట్టి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో, ఏటీపీని 1929లో పట్టుకున్నారు. జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా ఏటీపీని విడిగా అదే ఏడాది కనిపెట్టారు. మనం చెయ్యి ఎత్తినా, ఈ గోడ ముందు నిలబడి చదువుతున్నా, ఒంట్లో ఖర్చయ్యే శక్తి ఆ ఏటీపీదే.

ఇంత చేశాక 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అప్పటికి ఆయనకి ముప్పై అయిదు. ఇంకో పదేళ్ళు హార్వర్డ్‌లోనే ఉన్నారు, కానీ అక్కడ స్థిరమైన ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగానికి వెళ్ళారు. నలభై అయిదేళ్ళ వయసులో మళ్ళీ కొత్త చోటు.

లోకం ఆయన్ని గుర్తుపెట్టుకున్న పనులన్నీ దాదాపు ఆ తర్వాత ఎనిమిదేళ్ళలోనే జరిగాయి. ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని లేబొరేటరీలో తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో తగ్గిపోయే పోషకాల్లో అది ఒకటి. ఆ జబ్బుకి అది మందయింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి, పాతికేళ్ళ తర్వాత, వేరే దేశంలో ఆయన చేతుల మీదుగా మందు వచ్చింది. స్కూల్లో ఆడపిల్లలకి వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర గుర్తుందా? అందరం మొహం చిట్లించి మింగేవాళ్ళం. అందులో ఐరన్‌తో పాటు ఉండేది ఫోలిక్ యాసిడే. గర్భంతో ఉన్నవాళ్ళకి డాక్టర్లు తప్పకుండా రాసేదీ అదే.

ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు పనిచేసే పదార్థాలు కూడా ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకి వైద్యం చేసి, కొంతమందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ని ఈ రోజుకీ క్యాన్సర్‌కీ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు. బోదకాలుకి ఇచ్చే హెట్రజాన్ మందు వచ్చింది కూడా అక్కడినుంచే. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంత బాధపెట్టిందో మన పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. ఆ జిల్లాలో పుట్టినవాడే దాని మందుకి కారకుడయ్యారు. పెన్సిలిన్ పనిచేయని జబ్బుల మీద కూడా పనిచేసిన ఆరియోమైసిన్‌ని బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది కూడా సుబ్బారావుగారు పరిశోధన నడిపిస్తున్న ఆ లేబొరేటరీలోనే.

1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్ళు. ఆయన శతజయంతికి, 1995లో, మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

ఇప్పుడు శేషగిరిగారి దగ్గరికి వస్తాను.

సుబ్బారావుగారు ఓడ ఎక్కేటప్పుడు కొన్నేళ్ళలో తిరిగి వచ్చేయాలనే అనుకున్నారు. ఆయన వెళ్ళాక ఇక్కడ కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే జబ్బు చేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు. తర్వాత ఒక పరిశోధన ఇంకో పరిశోధనలోకి దారితీస్తూ పోయింది, ఏళ్ళు గడిచాయి, ఆయన మళ్ళీ ఈ దేశం రాలేదు. శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన గురించి రాసిన వ్యాసాల్లో ఆవిడకి దక్కేది ఒకటి రెండు వాక్యాలు, అవి కూడా పెళ్ళి దగ్గర.

ఆయన పట్టుదల గొప్పది, నేను కాదనను. కానీ మూడోసారి రాయడానికి తల్లి బంగారం కావాల్సి వచ్చింది. మెడిసిన్ చదవడానికి స్నేహితులు, మామగారు కావాల్సి వచ్చింది. ఓడ ఎక్కడానికి ఒక ధర్మసంస్థ, మళ్ళీ మామగారు కావాల్సి వచ్చింది. అమెరికాలో ఆయన పాతికేళ్ళు నిశ్చింతగా పనిచేయడానికి ఇక్కడ ఒక భార్య ఒంటరిగా ఉండాల్సి వచ్చింది. ఒక్క మనిషి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడని మనం చెప్పుకునే కథలో ఇంతమంది ఉన్నారు. ముఖ్యంగా ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళని ఎవరూ ఇంకా ఎన్నాళ్ళు అని అడగలేదు, ఆగమన్నారు, ఆగారు.

ఆ రోజుల్లో మగపిల్లాడికి పెళ్ళి అంటే చదువుకి సాయం దొరకడం. మామగారు ఫీజు కడతారు. ఈ రోజు ఆడపిల్ల ఒక ఏడాది ఆగితే పెళ్ళి అంటే చదువు ఆపడం అని అర్థం వస్తుంది చాలా ఇళ్ళల్లో. మా పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి ఎంట్రన్స్ అప్లికేషన్ ప్రింటు, రెండోది జాతకం. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని ఈ కాలేజీలో చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అందుకే సుబ్బారావుగారి కథని పట్టుదల ఉంటే ఏదైనా సాధించొచ్చు అనే ముక్కతో ముగించడం నాకు ఇష్టం లేదు. పట్టుదల ఆయనకి ఉంది. దానితో పాటు నమ్మి డబ్బు పెట్టిన మనుషులు ఉన్నారు, ఆగిన ఏళ్ళలో చేయడానికి ఒక పని దొరికింది, ఆ పని చెప్పిన లక్ష్మీపతిగారు ఉన్నారు. ఈ మూడూ ఉంటే మూడోసారి రాసినవాడు లోకానికి మందు ఇవ్వగలిగాడు. మన ఇళ్ళల్లో రెండోసారి రాస్తానన్న పిల్లకి వీటిలో ఎన్ని ఉన్నాయో ముందు చూడాలి. లేనివి ఏవో తెలిస్తే, కనీసం ఒకటి మనం ఇవ్వగలమేమో. ఫీజు మన చేతిలో లేకపోవచ్చు. ఆ పిల్ల తరఫున ఇంట్లో ఒక మాట మాట్లాడటం మన చేతిలోనే ఉంది.

మా అక్కకి ఇప్పుడు ఇరవై అయిదు. ఆ వయసులో సుబ్బారావుగారి చేతికి ఎల్‌ఎంఎస్ కాగితం కూడా ఇంకా రాలేదు. ఈ లెక్క నేను మా పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు గానీ, వెంకమ్మగారు ఎవరు, ఆవిడ బంగారం సంగతేమిటి అని అడిగింది. కూర్చుని మొత్తం చెప్పాను.